రెండు బోర్డుల ఇల్లు

"తలుపు తీస్తలేదు బావా," అన్నాడు రఘు, మెట్ల మీద సగం దాకా దిగి ఆగిపోయి.

"గట్టిగ కొట్టినవా?"

"కొట్టిన. పిలిచిన. 'నువ్వు కిందికి పో' అన్నది. అంతే."

రఘు నా బావమరిది. మా ఆవిడ సుగుణకు ఒక్కగానొక్క తమ్ముడు. పైన గడియ పెట్టుకుని కూర్చున్నది వాడి భార్య విమల. నిన్న పొద్దున ఒహాయో నుంచి దిగారు ఇద్దరూ. మేం బేసింగ్‌స్టోక్‌లో కొత్తగా కొనుక్కున్న ఈ ఇంట్లో పుట్టింటి తరఫున సుగుణ కొంగులో ఒడిబియ్యం పోయడానికే అంత దూరం నుంచి వచ్చారు. పన్నెండున్నరకు దుర్ముహూర్తం మొదలవుతుంది. ఈలోగా పోసెయ్యాలి. గడియారంలో అప్పటికే పదీ ముప్పావు.

కింద హాల్లో సుగుణ పట్టుచీర కట్టుకుని, పీట పక్కన నేల మీద కూర్చుంది. ఎదురుగా స్టీలు బేసిన్‌లో పసుపూ నెయ్యీ పట్టించిన బియ్యం. పక్కన పళ్లెంలో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు. బియ్యాన్ని సగమే కలిపి వదిలేసినట్టు తెలుస్తూనే ఉంది. ఒకవైపు పచ్చగా, ఒకవైపు తెల్లగా ఉన్నాయి.

"నేను కలపొద్దు కదనయ్యా," అంది నావంక చూడకుండానే. "పుట్టింటోళ్లే కలపాలె."

అత్తామామలు పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు సుగుణకు పుట్టిల్లంటే ఈ తమ్ముడూ ఈ మరదలే. ఏడేళ్లుగా ఒడి నిండలేదు దానికి. ఆ సంగతి పైకి అనదు గానీ, ఎవరింట్లోనైనా ఒడిబియ్యం అని పిలుపొస్తే, వెళ్లొచ్చిన రోజు రాత్రి అన్నం సరిగ్గా తినదు. ఇవాళ విమల కిందికి రాకపోతే ఆ ఒడి ఇక ఎప్పటికీ నిండదని దాని భయం. నిజానికి నా భయం కూడా అదే.

విమల పొద్దున ఏడింటికి నవ్వుతూనే బియ్యం కలపడానికి కూర్చుంది. మధ్యలో ఈస్ట్ హామ్ నుంచి సుగుణ పిన్ని కూతురు ఫోన్ చేసింది. సుగుణ స్పీకర్ పెట్టి మాట్లాడింది. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి విమల చేతులు కడుక్కుని పైకి వెళ్లిపోయింది. మా కూతురు మనోజ్ఞ రాసిన వ్యాసం గుర్తొచ్చి కోపం వచ్చి ఉంటుందని అందరం అనుకున్నాం. ఎవరమైనా అదే అనుకుంటాం కదా.

రఘు వచ్చి వంటింటి బల్ల దగ్గర కూలబడ్డాడు. టీ పోసి ముందు పెట్టాను.

నాకొక జబ్బుంది. ఎదుటివాడు ఎంత కష్టంలో ఉన్నా, నా మనసులో ఒక ప్రశ్న మెదిలితే అది అడిగేదాకా నిద్ర పట్టదు. ఏడాదిగా నా నాలుక చివర ఆడుతున్న ప్రశ్న ఒకటే. ఇదే అదను అనుకున్నాను.

"నిజం చెప్పు రఘూ. నీ ఇంటి ముందల ఆ బోర్డు ఎట్లొచ్చింది?"

"ఏ బోర్డు బావా?" అన్నాడు నీరసంగా. "రెండున్నయి."

"రెండా!"

"మీ బిడ్డ ఒక్కదాని సంగతే రాసింది."

అమెరికాలో ఎన్నికలప్పుడు జనం తమకు నచ్చిన పార్టీ బోర్డును ఇంటి ముందు గడ్డిలో గుచ్చుకుంటారట. ఒక పార్టీది ఎరుపు, ఒకదానిది నీలం. మా సిరిసిల్లలో ఎర్రబోర్డు కనబడితే కమ్యూనిస్టు ఆఫీసు అనుకునేవాళ్లం. అక్కడ సరిగ్గా తలకిందులు. మనోజ్ఞ డిగ్రీ అయ్యాక, ఎన్నికల ముందు పది వారాలు మామయ్య ఇంట్లో ఉండి వచ్చింది. ఇప్పుడు షెఫీల్డ్‌లో మాస్టర్స్ చదువుతోంది. అక్కడి క్లాసు కోసం ఒక వ్యాసం రాసింది. 'మా మామ ఇంటి ముందు ఎర్రబోర్డు ఉంది. మనలాంటి వాళ్లు వద్దనే వాళ్ల బోర్డు అది. ఆ ఇంట్లో పది వారాలు అన్నం తిని నోరు మూసుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది.' ఇదీ సారాంశం. యూనివర్సిటీ వాళ్లు దాన్ని మెచ్చుకుని వెబ్‌సైట్లో పెట్టారు.

"ఎడమదిక్కు ఇంటాయన నీలంబోర్డు తెచ్చి, నీ గడ్డిల పెట్టుకుంటవా అని అడిగిండు," అన్నాడు రఘు. "మనిషి ఇంటికొచ్చి చేతిల పెడుతుంటే వద్దని ఎట్లంట బావా? పెట్టుకున్న. రెండ్రోజులైనంక చూస్తే కుడిదిక్కున ఎర్రది గుచ్చి ఉన్నది. విమలను అడిగితే డెబ్బీ తెచ్చిందన్నది. కుడిపక్క ఇంటామె. పాపం విమల వాళ్లమ్మ పోయినప్పుడు వంట చేసి తెచ్చిచ్చిన మనిషి. ఆమెను మాత్రం ఎట్ల కాదంటం? రెండూ ఉంచినం."

"ఒక్క ఇంటికి రెండు పార్టీలు!"

"మనూళ్ల నడిచేది కదా. ఎవలొచ్చినా కండువా కప్పించుకుంటుండె మా నాయిన. ఎవలకేసిండో అమ్మకు గూడ తెల్వకపోతుండె."

నవ్వాపుకోలేకపోయాను. వాడికీ నవ్వొచ్చింది గానీ, మధ్యలోనే ఆగిపోయింది.

"అక్కడ నడువది బావా. ఎడమాయన నేను ఎగతాళి చేస్తున్ననుకున్నడు. ఎర్రబోర్డులోళ్లు గూడ అట్లనే అనుకున్నరు. డెబ్బీ ఒక్కతి తప్ప ఆ గల్లీల ఒక్కలు చెయ్యూపలే. గాలికి నీలంది విరిగిపోయింది. మళ్ల తెచ్చి పెట్టనీకె నాకు ధైర్యం చాలలే. మీ బిడ్డ వచ్చేటాలకు ఎర్రదొక్కటే మిగిలింది."

ఇక్కడ ఇరవై రెండేళ్లుగా ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను. పక్క సీటు స్టీవ్ ఎవరికి ఓటేస్తాడో నాకు తెలీదు. అడగకూడదు. ఈ మధ్య రిటైల్ పార్క్ దారిలో కరెంటు స్తంభాలకు ఈ దేశపు జెండాలు కట్టారు. అవి కట్టినవాళ్లకు నామీద కోపమా, దేశం మీద ప్రేమా అని రోజూ కారు నడుపుతూ ఆలోచిస్తాను. స్టీవ్‌ను అడగాలని ఉంటుంది. అడగను. వాతావరణం గురించి మాట్లాడుకుంటాం.

కానీ రఘు వాడూ వీడూ కాదు కదా, మావాడు. అయినా ఎర్రబోర్డు సంగతి విన్న రోజు నుంచి వాడికి పొద్దున్నే పంపే జోకులు ఆపేశాను. ఎవరూ ఆపమనలేదు. మనసులోనే 'ఓహో, వీడు అటు పక్కా' అనుకున్నాను, అంతే. ఇప్పుడు ఎదురుగా కూర్చుని వాడు టీ తాగుతుంటే సిగ్గేసింది.

ముందు తలుపు చప్పుడైంది. మనోజ్ఞ. షెఫీల్డ్ నుంచి మొదటి రైలెక్కి వచ్చింది. బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది.

"ఎందుకందరూ ఇంత క్వయట్‌గా ఉన్నరు? అత్తేది?"

సుగుణ హాల్లోంచి కదల్లేదు. గొంతు మాత్రం వచ్చింది. "వచ్చినవా తల్లీ. నువ్వు రాసిన ముచ్చటకు మీ అత్త తలుపేసుకున్నది. పో, చూసి మురువు."

మనోజ్ఞ ముఖం తెల్లబోయింది. "అమ్మా, నేను పేరు రాయలేదు. సిటీ కూడా రాయలేదు. ఐ వాజ్ కేర్‌ఫుల్."

"మునగచెట్టు రాసినవ్ కదే!"

"సో?"

"సో అంట! కుండీల మునగచెట్టు పెంచి, చలికాలం రాంగనే దాన్ని గ్యారేజీలకు మోసేటోళ్లు ఆ ఊర్ల ఇంకెవలున్నరు? ఆ చెట్టు ఆకు ఆ ఊరి తెలుగోళ్లందరి ఇండ్లకు పోతది. మీ అత్తనే తెంపి పంపుతది. చదివినోళ్లకు రెండో లైన్లనే తెలిసిపోయింది, ఎవలిల్లో."

మనోజ్ఞ నావైపు చూసింది. నేను రఘువైపు చూశాను.

"అట్ల చూడకుర్రి," అన్నాడు రఘు. "దానికేం తెలుసు పాపం."

"ఏమైంది మామా? ప్లీజ్, టెల్ మీ."

రఘు టీ కప్పును బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. చెప్పడం వాడికి ఇష్టం లేదు. చివరికి చెప్పాడు.

విమల తొమ్మిదేళ్లుగా ఆదివారం ఆదివారం అక్కడి పిల్లలకు తెలుగు నేర్పుతోంది. ముప్పై మంది పిల్లలు. ఉద్యోగం లేని విమలకు ఆ బడే ఉద్యోగం. వ్యాసం ఆ ఊరి తెలుగువాళ్ల గ్రూపుల్లో తిరిగాక మూడో ఆదివారం ఆరుగురు పిల్లలే వచ్చారు. ఆ సాయంత్రం అక్కడి తెలుగు అసోసియేషన్ నుంచి మెసేజ్ వచ్చింది. 'కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి ఆంటీ. పేరెంట్స్ కొంచెం అన్‌కంఫర్టబుల్‌గా ఉన్నారు.' అని, కింద రెండు దండాల బొమ్మలు.

"మొఖం మీద ఒక్కలు గూడ అడుగలే," అన్నాడు రఘు. "అడిగితే చెప్పుకుంటుంటిమి. అదే రోజు ఇంకోటైంది. షాపుల ఒకడు మా ఇద్దర్ని చూసి, మీ దేశానికి మీరు పోండ్రని అరిచిండు. వాని టోపీ గూడ ఎర్రదే. ఇటు మనోళ్లు రానియ్యరు, అటు వాళ్లు ఉండనియ్యరు."

మనోజ్ఞ బ్యాగు కింద పెట్టి గోడకు ఆనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి మూడేళ్లప్పుడు కూడా ఇలాగే గోడకు ఆనుకుని ఏడ్చేది, చప్పుడు చేయకుండా. దగ్గరికి తీసుకుందామనుకున్నాను. సుగుణ ముఖం చూసి ఆగిపోయాను.

"నాకు తెలీదు నాన్నా. ఐ థాట్... నేను రైట్ సైడ్‌లో ఉన్నా అనుకున్న."

"ఇప్పుడేం జేస్తవ్?" అంది సుగుణ. "పదకొండున్నర కావస్తుంది."

"అత్తతో మాట్లాడ్త."

అది మెట్లెక్కుతుంటే నేను కింద రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. వినకూడదు, తెలుసు. విన్నాను.

"అత్తా, నేను మనూను. ఐ యామ్ సో సారీ."

మళ్లీ మెల్లగా తలుపు తట్టింది.

"బడి సంగతి ఇప్పుడే తెలిసింది. మామ అంతా చెప్పిండు. ఆ బోర్డు మీరు పొలైట్‌నెస్‌కి ఉంచిన్రని నాకు తెలీదు. నేను ఆర్టికల్ చేంజ్ చేస్త. మీ ఇద్దరికీ ఆ పార్టీ అంటే ఇష్టం లేదు, పక్కింటోళ్లను కాదనలేక మొహమాటానికి పెట్టిన్రని క్లియర్‌గా రాస్త. అసోసియేషన్‌కు కూడా పంపిస్త. ఓకే?"

గడియ తీసిన చప్పుడైంది.

విమల మెట్లు దిగుతుంటే నేను పక్కకు తప్పుకున్నాను. నీలంరంగు గద్వాల చీర, తలలో పొద్దున పెట్టుకున్న మల్లెపూలు. ఏడ్చిన ముఖం కాదు. నిర్ణయం అయిపోయిన ముఖం. తిన్నగా హాల్లోకి వెళ్లి బేసిన్ ముందు కూర్చుని, సగం మిగిలిన బియ్యానికి పసుపు పట్టించసాగింది. సుగుణ 'హమ్మయ్య' అని నాకు కళ్లతోనే చెప్పి పీట మీదికి జరిగింది.

"వదినా, పొద్దున ఫోన్ల ఏమన్నవ్?" అంది విమల, చేతులు ఆపకుండానే.

"నేనేమన్న? ఆ వ్యాసం ముచ్చట తీస్తే, మా తమ్ముడు అట్లాంటోడు కాదని చెప్పిన. మొహమాటానికి పెట్టిండని నీ మీద మాట రాకుండనే చెప్పిన గదా."

"అందుకే లేచిపోయిన."

ఎవరికీ అర్థం కాలేదు.

"నీలంబోర్డు ఆయన మొహమాటం," అంది విమల. "ఎర్రది నాది. డెబ్బీ తెచ్చియ్యలే. నేనే ఆమె ఇంటికి పోయి, ఒకటి ఇయ్యమని అడిగి తెచ్చుకున్న. నా చేతుల్తోని గుచ్చిన."

రఘు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "డెబ్బీ తెచ్చిందన్నవ్ కదనే?"

"నువ్వడిగిన తీరుకు అట్ల చెప్పిన. నేనే తెచ్చుకున్ననంటే, నీకేం తెలుసు, తీసెయ్ అంటుంటివి."

"ఓటు గూడనా?"

"ఓటు గూడ."

బావమరిది ఎవరికి వేశాడా అని ఏడాదిగా తల బద్దలు కొట్టుకున్నవాణ్ని నేను. విమలకూ ఒక ఓటుందన్న సంగతి నాకసలు తట్టనే లేదు. ఆ ఇంట్లో కట్టుకున్నవాడికే తట్టలేదు.

సుగుణ ముందుగా తేరుకుంది. అందరికంటే దానికే తొందర ఎక్కువ. "సరే విమలా, అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడెందుకివన్నీ? టైమైతుంది. ముందుగాల్ల ఒడి నింపు, తర్వాత తీరికగ మాట్లాడుకుందాం."

"లేదు వదినా."

"ఎందుకే?"

"కిందటేడు వీడియో కాల్‌ల నువ్వేమన్నవో యాదున్నదా? 'అట్ల ఓటేసేటోళ్లు మనోళ్లయినా సరే, వాళ్లింట్ల నేనైతే చెయ్యి గడిగి మెతుకు ముట్ట' అన్నవ్. నేనప్పుడు ఆయన ఎనుక గిన్నెలు తోముతున్న. వింటున్ననని నీకు తెల్వదు."

సుగుణ కొంగు సర్దుకుంది. అన్నది నిజం. నేను పక్కనే ఉన్నాను. 'బాగా చెప్పినవ్' అని కూడా అన్నాను.

"ఆ ఓటేసిన చేతుల్తోని కలిపిన బియ్యం ఇవి," అంది విమల. "నీకు తెల్వక ఒడిల పడితే ఒకటి, తెలిసి పడితే ఒకటి. దాచిపెట్టి పోస్తే నాకు పోసినట్టుండదు. బడిల పిల్లల తల్లులు అడుగకుండనే తీసేసిన్రు. మీరేమో అడుగకుండనే మాఫీ జేస్తున్నరు. నాకు రెండూ ఒక్కతీరుగనే కొడుతున్నయి."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది నాకు.

మనోజ్ఞ మెట్ల చివర కూర్చుండిపోయింది. "ఎందుకత్తా?" అంది.

"ఏందెందుకు?"

"ఎందుకేసినవ్? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. నాట్ ఫర్ రైటింగ్. ప్రామిస్."

విమల చేతులు ఆగాయి. మేనకోడలి ముఖంలోకి చూసింది.

"పది వారాలు నా చేతి అన్నం తిన్నవ్. నీకిష్టమని రోజూ చారు పెట్టిన. బోర్డు సంగతి మీ మామనడిగినవ్. ఆయన నవ్వి ఊకున్నడు. మళ్లడిగినవ్. మళ్ల నవ్విండు. రెండుసార్లు నేనక్కడనే ఉన్న. నన్నెందుకడుగలే?"

"నువ్వు... నీకు పాలిటిక్స్..." అని, అక్కడే మింగేసింది మనోజ్ఞ. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆఁ. అదే," అంది విమల. "చారు పెట్టే అత్తకు అవన్నీ ఎట్ల తెలుస్తయనుకున్నవ్."

కోపంగా అనలేదు. అలసటగా అంది. మనోజ్ఞ తల దించుకుంది. దించుకుని ఊరుకోలేదు, లేచి వచ్చి విమల ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడడుగుతున్న. చెప్పు."

"చెప్త. చెప్పినంక నీకు నచ్చాలని లేదు. నచ్చదు గూడ. కొన్ని నాకే ఇప్పుడు నచ్చుతలేవు."

"విమలా, వద్దు," అంది సుగుణ. "నువ్వు చెప్తే నేను వినాలె. వింటే నాకు కోపం రావచ్చు. నా నోరు నీకు తెలుసు. కోపంల నేను ఒక మాటంటే ఈ పీట మీంచి లేవాల్సొస్తది. ఏడేండ్లయింది విమలా. అమ్మ చెయ్యి పోయినంక మళ్ల ఇదే. ఏమీ చెప్పకు, పొయ్యి. నీ కాళ్లు మొక్కుత."

పెద్దది, ఆడబిడ్డ, చిన్నదానితో ఆ మాట అనడం నేను భరించలేకపోయాను. రఘు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

విమల కదిలిపోయింది. అయినా దోసిట్లోకి బియ్యం తీసుకోలేదు. "వదినా, నువ్వట్ల అనకు. నీకు పోయాలనే సముద్రం దాటొచ్చిన. కానీ పోసేది నేనే కావాలె. నువ్వనుకునే విమల కాదు."

పన్నెండూ పది. ఇంకో ఇరవై నిమిషాలు. పంతులుకు ఫోన్ చేసి ఇంకో ముహూర్తం అడగనా అనుకున్నాను. వాళ్ల తిరుగు విమానం రేపు పొద్దున్నే. అడిగి ప్రయోజనం లేదు.

సుగుణ బియ్యం వంక చూసింది. తర్వాత కొంగు ముందుకు తీసి, రెండు చేతులా ఒడి పరిచింది. ఇక విమల పోస్తుందనుకున్నాను.

"మనూ, ఇట్రా," అంది.

మనోజ్ఞ మోకాళ్ల మీద పక్కకు జరిగింది. సుగుణ కుడిచేతి కొంగు అంచు తీసి దాని చేతిలో పెట్టింది.

"ఇది నువ్వు పట్టు. ఇటంచు నేను పడ్త. మీ అత్త ఒక్కో దోసిలి పోసుకుంట చెప్తది. మనిద్దరం వింటం. నడుమల నీకు కోపమొచ్చినా, నాకొచ్చినా, అంచు వదిలినమా, బియ్యం నేలపాలైతయి. మా పుట్టిల్లు గూడ."

మనోజ్ఞ పట్టుచీర అంచును రెండు చేతుల్తో పిడికిలి బిగించి పట్టుకుంది. "పట్టుకున్న," అంది.

విమల దోసిలి నిండా బియ్యం తీసుకుంది. సుగుణ ఒడి మీదికి తెచ్చి, పోయకుండా ఆపింది. ఆమె చూపు మనోజ్ఞ మీద లేదు, సుగుణ మీదా లేదు. వంటింటి గుమ్మం వైపు చూస్తోంది.

"ఇది మీ మామకు గూడ చెప్పలే ఇన్నేండ్లు," అంది. "నువ్వు గూడ లోపలికి వచ్చి కూసో."

రఘు గుమ్మంలోంచి కదల్లేదు. వాడు వచ్చి కూర్చునేదాకా విమల దోసిలి విప్పేలా లేదు.